కదిలే ఇంటికి ఎండ కరెంటు

పోయిన నెల ఈ శీర్షికలో ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ ఎప్పుడు పొయ్యాలో రాశాను. ఆ తరవాత వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఇళ్ల గురించి కాదు, బళ్ల గురించి. వ్యాన్‌లో పడక వేసుకుని, నెత్తిన సోలార్ ప్యానెల్ పెట్టుకుని ఊళ్లు తిరగాలనుకునే మనవాళ్లు ఇక్కడ ఒడిశాలో బరంపురం నుంచి కొరాపుట్ జిల్లా జైపూర్ దాకా ఇంతమంది ఉన్నారా అని సంబరపడ్డాను. పర్లాకిమిడిలో ముప్పై ఏళ్లుగా బళ్ల వైరింగ్ చేస్తున్నాను, పదేళ్లుగా దాంతోపాటు సోలార్ కూడా. ఈ నెల జవాబులన్నీ బండి కరెంటు మీదే.

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. పాత ట్రావెలర్ బండి ఒకటి కొని వెనక సీట్లు తీయించాను. మా ఆవిడకి షుగర్, ఇన్సులిన్ వాడుతుంది. చిలికా, తప్తపాణి, దేవమాలి అన్నీ నిదానంగా చూడాలని ఉంది. ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, లైట్లు నడవాలంటే ఎన్ని ప్యానెళ్లు కావాలి?
- ఒక పాఠకుడు, బరంపురం

మాస్టారూ, మీరు ప్యానెళ్లతో మొదలుపెట్టారు. చాలామంది అలాగే అడుగుతారు. నేను మాత్రం ముందు ఒక కాగితం తీసుకోమంటాను. బండి ఒక రోజులో ఎంత కరెంటు తాగుతుందో రాస్తే మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

మీ ఉత్తరంలో ఉన్నవే లెక్కేశాను. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్, నలభై లీటర్లలోపుది, నడిచేటప్పుడు 45 వాట్లు తీసుకుంటుంది. మన ఎండల్లో రోజులో సగం సేపు నడుస్తుందనుకోండి, 540 వాట్-అవర్లు. ఫ్యాన్లు ఇంటివి కాకుండా బ్యాటరీ మీద నేరుగా తిరిగే 12 వోల్టుల డీసీవి పెట్టుకోండి. ఒక్కోటి 18 వాట్లు, రెండూ రాత్రి ఎనిమిది గంటలు తిరిగితే 288. ఐదేసి వాట్ల ఎల్‌ఈడీలు నాలుగు, నాలుగు గంటలు వెలిగితే 80. రెండు ఫోన్లకి 30. నీళ్ల పంపుకి 10. మీ ఆవిడగారు పచ్చడి కోసం ఐదు నిమిషాలు మిక్సీ వేస్తే ఇన్వర్టర్ తినేదానితో కలిపి 50. అంతా కూడితే వెయ్యికి రెండు తక్కువ. అంటే మీ ఇంటి బిల్లులో రాసే ఒక యూనిట్. మీ బండి రోజుకి ఒక యూనిట్ తాగుతుంది, అంతే.

మన వైపు ఏడాది సగటున ప్యానెల్‌కి పూర్తి బలంతో ఎండ దొరికేది రోజుకి నాలుగున్నర గంటలు అనుకోవచ్చు. పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా వెలుతురున్నా, ఏటవాలు ఎండ బలం తక్కువ కాబట్టి అన్నీ కలిపితే అంతే లెక్కకి వస్తుంది. వెయ్యిని నాలుగున్నరతో భాగిస్తే 222 వాట్లు. అయితే 220 వాట్ల ప్యానెల్ కొనేయకండి. ప్యానెల్ మీద రాసిన వాట్లు కొలిచేది దాని సెల్ 25 డిగ్రీలు ఉన్నప్పుడు. మే నెలలో బండి రూఫ్ మీద సెల్ 65 డిగ్రీలు దాటుతుంది. 25 దాటాక ఒక్కో డిగ్రీకి 0.35 నుంచి 0.4 శాతం చొప్పున తగ్గుతూ వస్తుంది కాబట్టి, 40 డిగ్రీలు ఎక్కువైతే 15 శాతం దాకా అక్కడే పోయింది. దానికి దుమ్ము, వైర్లు, ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య ఉండే కంట్రోలర్, బల్లపరుపుగా పడుకోబెట్టిన ప్యానెల్ కలిపి మొత్తం 30 శాతం తీసేయండి. అప్పుడు 320 వాట్లు కావాలి. కాబట్టి 200 వాట్లవి రెండు పెట్టించుకోండి. ముసురు పట్టిన శ్రావణంలో ఆ రెండూ కలిపి కూడా సగమే ఇస్తాయి. ఆ సగానికి వేరే దారి కావాలి. అది కింద డైనమో ప్రశ్నలో రాశాను.

ఇక మీ ఇంట్లో వాళ్ల ఇన్సులిన్ గురించి రాయాలి. ఈ జవాబు ఇంత పొడుగ్గా రాస్తున్నది దానికోసమే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా గజపతి జిల్లా ఎలా అయిందో మీకు గుర్తుండే ఉంటుంది. పర్లాకిమిడిలో స్తంభాలు పుల్లల్లా విరిగాయి. మూడో రోజు మా వీధి పెద్దమ్మ ఒకావిడ స్టీలు డబ్బాలో తడిగుడ్డ చుట్టిన ఇన్సులిన్ సీసాలు పట్టుకుని నా దుకాణానికి వచ్చింది. "నాయనా, ఇవి పాడైపోతే మళ్లీ ఎక్కడ దొరుకుతాయి?" అంది. దుకాణంలో ఒక 150 వాట్ల ప్యానెల్, లారీ బ్యాటరీ ఒకటి, ఐస్‌క్రీం బండివాడు రిపేరుకి ఇచ్చిన డీసీ ఫ్రిజ్ ఉన్నాయి. ఆ మూడూ కలిపాను. కరెంటు వచ్చేదాకా ఆ ఫ్రిజ్‌లో నాలుగు ఇళ్ల మందులు ఉన్నాయి. నేను సోలార్ పని గట్టిగా పట్టుకున్నది ఆ రోజు నుంచే.

అందుకని చెప్తున్నాను. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకట్టకూడదు, గడ్డకడితే ఇక పారెయ్యడమే. కాబట్టి సీసాని ఫ్రిజ్ చల్లటి గోడకి ఆనించకండి, మధ్యలో ఒక చిన్న డబ్బాలో పెట్టి పక్కన థర్మామీటర్ ఉంచండి. వాడుకలో ఉన్న సీసా గది వేడిలో, 30 డిగ్రీలు దాటనంతవరకు, సుమారు నాలుగు వారాలు ఆగుతుంది. రకాన్ని బట్టి మారుతుంది, మీ డాక్టరుగారిని అడిగి సీసా మీద తేదీ రాసుకోండి. బజార్లో కూలర్ బాక్స్ అని చవగ్గా ఒకటి అమ్ముతారు. అందులో కంప్రెసర్ ఉండదు, ఒక చిన్న పలక ఉంటుంది. బయటి వేడికన్నా పదిహేను, ఇరవై డిగ్రీలు మాత్రమే తగ్గిస్తుంది. బయట 38 ఉంటే లోపల 20. పైగా రోజంతా ఆగకుండా 50 వాట్లు తాగుతుంది. నీళ్ల సీసాలకి సరే, ఇన్సులిన్‌కి వద్దు.

బ్యాటరీ సంగతి. మందులు ఉన్న బండికి ఎండ లేకుండా రెండు రోజులు ఆగే బ్యాటరీ ఉండాలని నా పట్టుదల. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం 200 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు) తీసుకోండి. 12.8 వోల్టులతో హెచ్చిస్తే 2560 వాట్-అవర్లు. అందులో 85 శాతం వాడుకున్నా మీకు రెండు రోజులు గడుస్తాయి. బరువు పాతిక కిలోల లోపే. అదే పని మామూలు యాసిడ్ బ్యాటరీతో చెయ్యాలంటే సగం కన్నా ఎక్కువ దింపకూడదు కాబట్టి 150 ఏహెచ్‌వి రెండు పెట్టినా చాలవు. ఆ రెండిటికే వంద కిలోలు దాటుతుంది, ఆ బరువుతో ఘాట్ ఎక్కాలి.

ఒక చిన్న సంగతి, దీనివల్లే చాలామంది నా దగ్గరికి పరుగెత్తుకొస్తారు. బ్యాటరీ నిండుగా ఉంటుంది, ఫ్రిజ్ మాత్రం ఆగిపోతుంది. తప్పు ఫ్రిజ్‌ది కాదు, సిగరెట్ లైటర్ సాకెట్‌ది. సన్నటి వైరులో వోల్టులు పడిపోతాయి, కంప్రెసర్ లేచే క్షణంలో ఫ్రిజ్‌కి బ్యాటరీ అయిపోయినట్టు కనిపించి తనంతట తనే ఆపేసుకుంటుంది. ఫ్రిజ్‌కి ఫ్యూజు బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగించండి.

ప్రశ్న: 330 వాట్ల పెద్ద ప్యానెల్ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే ఓమ్ని మీద బిగించాను. మిట్టమధ్యాహ్నం కూడా బ్యాటరీలోకి తొమ్మిది ఆంపియర్లు మించి ఎక్కడం లేదు. ప్యానెల్ పాడైందా?
- జైపూర్ నుంచి ఒక తమ్ముడు

ప్యానెల్ బాగానే ఉంది తమ్ముడూ. నువ్వు కంట్రోలర్ ఫొటో కూడా పంపావు కాబట్టి చెప్పగలిగాను. అది పీడబ్ల్యూఎం రకం. దాని పని ప్యానెల్‌ని నేరుగా బ్యాటరీకి తగిలించడం, బ్యాటరీ నిండుతున్నకొద్దీ ఆపి ఆపి వదలడం. నీ ప్యానెల్ 72 సెల్స్‌ది. దాని బలమంతా 37 వోల్టుల దగ్గర ఉంది, అక్కడ ఇచ్చే కరెంటు 8.8 ఆంపియర్లు. పీడబ్ల్యూఎం దాన్ని బ్యాటరీ వోల్టేజికి, అంటే 13కి, కిందకి లాగేస్తుంది. ఆంపియర్లు అవే తొమ్మిది ఉంటాయి, వోల్టులు మూడో వంతు అయిపోతాయి. 13ని 8.8తో హెచ్చించు: 114 వాట్లు. మిగిలిన రెండు వందల పైచిలుకు రోజూ గాలికి పోతోంది.

ఎంపీపీటీ కంట్రోలర్ మిగిలిపోతున్న ఆ వోల్టుల్ని ఆంపియర్లుగా మారుస్తుంది. అదే ప్యానెల్, అదే ఎండ, బ్యాటరీలోకి 20 ఆంపియర్లు చూస్తావు. కొనేటప్పుడు రెండు అంకెలు చూసుకో. ఒకటి అది తట్టుకునే ప్యానెల్ వోల్టేజి. నీ ప్యానెల్ ఖాళీగా ఉన్నప్పుడు 46 వోల్టులు చూపిస్తుంది, కొరాపుట్ చలికాలం పొద్దుటిపూట ఇంకో రెండు పెరుగుతుంది. కాబట్టి 75 వోల్టులు గానీ 100 గానీ తట్టుకునేది కావాలి. రెండోది ఆంపియర్లు, 30 తీసుకో.

బజార్లో పీడబ్ల్యూఎం డబ్బా మీద ఎంపీపీటీ అని స్టిక్కరు అంటించి అమ్ముతున్నారు. ఇది నాకు ఒళ్లు మండే విషయం. చేతిలోకి తీసుకుంటే అగ్గిపెట్టెలా తేలిగ్గా ఉంటే అనుమానించు. అసలు దాంట్లో రాగి చుట్ట ఉంటుంది, వెనక వేడి పోవడానికి అల్యూమినియం రేకులు ఉంటాయి, బరువు తెలుస్తుంది. రుజువు కావాలంటే డీసీ కొలిచే క్లాంప్ మీటర్ పెట్టు. ప్యానెల్ వైరులో ఎన్ని ఆంపియర్లు, బ్యాటరీ వైరులో ఎన్ని? బ్యాటరీ వైపు ఎక్కువుంటే ఎంపీపీటీ. రెండూ ఒకటే అయితే కంట్రోలర్‌ని కొన్నచోటే తిరిగి ఇచ్చెయ్యి.

ఫొటోలో ఇంకోటి కనపడింది. ప్యానెల్ లైనులో ఇంట్లో వాడే ఏసీ కరెంటు ఎంసీబీ (కరెంటు మించితే తనే పడిపోయే స్విచ్) పెట్టావు. అది ఇవాళే మార్చెయ్యి. ఏసీ కరెంటు సెకనుకి వందసార్లు సున్నా అవుతుంది, స్విచ్ తెరిస్తే నిప్పు దానంతట అదే ఆరిపోతుంది. డీసీ ఎప్పుడూ సున్నా అవదు. ఏసీ ఎంసీబీ తెరుచుకున్నా లోపల మెరుపు అలాగే నిలిచి ప్లాస్టిక్ కరిగిపోతుంది. డీసీది అని రాసి ఉన్నదే పెట్టు, ప్లస్ మైనస్ గుర్తులు చూసి తగిలించు. కంట్రోలర్ మార్చేటప్పుడు వరస మరిచిపోకు: ముందు బ్యాటరీ, తరవాత ప్యానెల్. తీసేటప్పుడు ముందు ప్యానెల్.

ప్రశ్న: బండి నడుస్తున్నప్పుడు డైనమో నుంచి కూడా లిథియం బ్యాటరీ ఎక్కించుకుందామని లావు వైరు నేరుగా కలిపించాం. రెండు వారాల్లో డైనమో కాలిపోయింది. మెకానిక్ డైనమో నాసిరకం అంటున్నాడు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, బరంపురం

డైనమో మంచిదే అయి ఉంటుందమ్మా, పాపం దాన్ని అంత పనికి తయారు చెయ్యలేదు. యాసిడ్ బ్యాటరీ నిండుతున్నకొద్దీ "ఇక చాలు" అన్నట్టు కరెంటు తక్కువ తీసుకుంటుంది. లిథియం అలా కాదు, నిండేదాకా ఇచ్చినంతా లాగుతుంది. ఘాట్‌లో లారీ వెనక మీ బండి మెల్లగా పాకుతున్నప్పుడు డైనమో ఫ్యాన్ నిదానంగా తిరుగుతుంది, గాలి ఆడదు, లాగే కరెంటు మాత్రం పూర్తిగా ఉంటుంది. చుట్టలు మాడిపోతాయి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. లిథియం లోపల బీఎంఎస్ అని ఒక కాపలా బోర్డు ఉంటుంది. అది ఏదైనా కారణంతో చటుక్కున బ్యాటరీని విడదీస్తే, ఆ క్షణంలో డైనమో వోల్టేజి ఎగిరిపడి దాని డయోడ్లు పోతాయి.

మధ్యలో డీసీ-డీసీ చార్జర్ పెట్టించండి. 30 ఆంపియర్లది చాలు. అది అంతకుమించి లాగదు, లిథియంకి కావలసిన వోల్టేజి తనే తయారు చేస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బళ్లలో చాలావాటికి డైనమో వోల్టేజిని కంప్యూటరు ఎక్కించి దించుతూ ఉంటుంది. వాటికి ఈ చార్జర్ లేకుండా పని సరిగ్గా జరగదు. మూడు గంటలు నడిపితే తొంభైకి కాస్త తక్కువగా ఏహెచ్ ఎక్కుతుంది. పై మాస్టారుగారికి ముసురు రోజుల్లో దారి ఇదే.

ప్రశ్న: ఇంట్లో ఉన్న పొడుగాటి ట్యూబులర్ బ్యాటరీనే వ్యాన్‌లో సీటు కింద పెట్టారు మావారు. మధ్యాహ్నం పిల్లలు లోపల పడుకున్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చింది. అగరొత్తి వెలిగించాను, తగ్గలేదు. ఏం చెయ్యాలి?
- ఒక తల్లి, రాయగడ

అమ్మా, ఈ ఉత్తరం చదవగానే నాకు గుండె ఝల్లుమంది. ముందుగా ఒక్క మాట: ఆ వాసన వచ్చినప్పుడు అగ్గిపుల్ల గీయకండి, స్విచ్ కూడా వెయ్యకండి. పిల్లల్ని దింపేయండి, తలుపులన్నీ తెరవండి, గాలి ఆడాక ప్యానెల్ లైను విప్పించండి.

జరిగింది ఇది. ఆ బ్యాటరీలో రెండేసి వోల్టుల గదులు ఆరు ఉంటాయి. ఒక గది లోపల షార్టయి చచ్చిపోతే మిగిలింది ఐదు. చార్జర్‌కి ఆ సంగతి తెలీదు. నిండలేదు, నిండలేదు అనుకుంటూ తోస్తూనే ఉంటుంది. మంచి గదులు ఉడికిపోతాయి. ఆ కోడిగుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్, ముక్కుకి తెలుస్తుంది కాబట్టి మిమ్మల్ని హెచ్చరించింది. దాంతోపాటు వచ్చే హైడ్రోజన్‌కి వాసన లేదు, గాలిలో నాలుగు శాతం చేరితే నిప్పురవ్వ చాలు. మీ అగరొత్తి వల్ల ఏమీ కాలేదంటే దేవుడు చల్లగా చూశాడు. చార్జింగ్ ఆపిన కొన్ని గంటల తరవాత మల్టీమీటర్ పెట్టించి చూడండి. పన్నెండున్నర దగ్గర ఉండాల్సింది పదిన్నర దగ్గర ఉంటే ఒక గది పోయినట్టే. మళ్లీ చార్జింగ్ పెట్టకండి.

బాగున్న ట్యూబులర్ అయినా పడుకునే చోట పెట్టకూడదు. అది గదిలో ఒక మూల కదలకుండా నిలబడటానికి చేసింది. ఘాట్ మలుపుల్లో యాసిడ్ చింది కింద రేకు తినేస్తుంది. డబ్బు ఇప్పుడు సర్దుబాటు కాకపోతే మూతలు తీసి నీళ్లు పొయ్యని సీల్డ్ రకం ఒకటి తీసుకుని, దానికీ మూత ఉన్న పెట్టె చేయించి, పైభాగం నుంచి బయటికి గొట్టం పెట్టించండి. హైడ్రోజన్ పైకి పోతుంది, కన్నం కింద పెడితే లాభం లేదు. మీవారికి ఈ జవాబు చదివి వినిపించండి.

ప్రశ్న: గోపాల్‌పూర్ బీచ్ దగ్గర బండి నిలిపి ఉంచుతాం. ప్యానెల్ రూఫ్‌కి అంటించాలా, బోల్టులు బిగించాలా? పల్చటి వంగే ప్యానెళ్లు ఎలా ఉంటాయి?
- ఇద్దరు స్నేహితులు, ఛత్రపురం

వంగే ప్యానెళ్లు రూఫ్‌కి అతుక్కుని కూర్చుంటాయి, కింద గాలి ఆడదు, ఇందాక చెప్పిన వేడి నష్టం ఇంకా పెరుగుతుంది. రెండు మూడేళ్లలో పైపొర పసుపెక్కి పొక్కులు వచ్చినవి నా దుకాణం వెనక గోడకి ఆనించి ఉన్నాయి. అద్దం ప్యానెల్ తీసుకోండి. రూఫ్‌కీ దానికీ మధ్య మూడు నాలుగు వేళ్ల మందం ఖాళీ వదలండి. సముద్రపు గాలికి మామూలు ఇనప బోల్టు ఒక్క వానాకాలం ఆగదు, స్టెయిన్‌లెస్ స్టీలు వాడండి. అల్యూమినియం ఫ్రేముకీ స్టీలుకీ మధ్య ప్లాస్టిక్ వాషర్ వెయ్యాలి, లేకపోతే ఉప్పు తడికి అల్యూమినియం తెల్లగా పొడి రాలుతుంది. కన్నం పెట్టిన ప్రతిచోటా పాలీయురెథేన్ సీలెంట్ పూయించండి, సిలికాన్ కాదు. కొబ్బరిచెట్టు నీడ హాయిగా ఉంటుంది కానీ ఒక్క మట్ట నీడ పడితే ప్యానెల్లో మూడో వంతు పడుకుంటుంది. చెట్టు కింద మీరు కూర్చుని బండిని ఎండలో ఉంచండి.

ప్రశ్న: సోలార్ మీద వ్యాన్‌లో ఏసీ నడుస్తుందా? ప్రధానమంత్రి సూర్యఘర్ సబ్సిడీ బండికి వస్తుందా?
- పర్లాకిమిడి

రెండిటికీ కాదనే. టన్ను ఏసీ రాత్రంతా నడవాలంటే ఆరేడు యూనిట్లు కావాలి, బండి నెత్తిన పట్టే ప్యానెళ్లు ఎండ బాగున్న రోజున కూడా రెండు మూడు ఇస్తాయి. సూర్యఘర్ 2024లో వచ్చింది, గ్రిడ్‌కి కలిపిన ఇంటి డాబాలకి మాత్రమే. మీ ఇంటి మీద పెట్టించుకుంటే 3 కిలోవాట్లకి కేంద్రం ఇచ్చేది 78,000 రూపాయలు. అది వదులుకోకండి.

ప్రశ్న: బండి లోపల మంచం, ప్యానెల్ పెట్టిస్తే ఆర్‌టీఓ పట్టుకుంటారా?
- మోహన ఊరి నుంచి

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. సీట్లు తీసేసినా, రూఫ్ ఎత్తు పెంచినా ఆర్‌సీ మారాల్సిందే. నిద్రపోయే సదుపాయం ఉన్న బళ్లకి మోటార్ కారవాన్ అనే తరగతి ఉంది, ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. రేకు కొయ్యకముందే మీ ఆర్‌టీఓ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. ఇన్సూరెన్సు వాళ్లకి కూడా చెప్పండి, రేపు ఏదైనా జరిగితే వాళ్లు మొదట వెతికేది ఆ కాగితమే. బరంపురం మాస్టారూ, మీరు సీట్లు తీయించానన్నారు, ఇది మీకు కూడా.

ప్రశ్న: అన్నా, నేను ఓమ్నిలో సంతలు తిరిగి ఫోన్లు రిపేరు చేస్తాను. సాయంత్రం మూడు గంటలు లైట్లు, సోల్డరింగ్ ఐరన్, ఇరవై ఫోన్ల చార్జింగ్ కావాలి. కొండ ఊళ్లనుంచి వచ్చినవాళ్లు చార్జింగ్ కోసమే నా దగ్గర ఆగుతారు. ఆన్‌లైన్‌లో 60 ఏహెచ్ లిథియం చాలా చవగ్గా ఉంది, కొననా?
- గుణుపురం

కొండల నుంచి నడిచొచ్చిన మనిషి ఫోను నింపుకుని ఇంటికి వెళ్లడం పెద్ద సంగతి తమ్ముడూ, బాగా చేస్తున్నావు. నీకు కావలసింది తక్కువే. ఇరవై వాట్ల లైట్లు రెండు, పాతిక వాట్ల ఐరన్, మూడు గంటలకి 195. ఇరవై ఫోన్లకి పన్నెండేసి చొప్పున 240. మొత్తం 435 వాట్-అవర్లు. 200 వాట్ల ప్యానెల్, 60 ఏహెచ్ లిథియం సరిపోతాయి. ఫోన్లకి ఇన్వర్టర్ పెట్టకు. ఖాళీగా ఆన్‌లో ఉన్నా అది పది, పదిహేను వాట్లు తాగుతుంది, రోజంతా మరిచిపోతే నీ ఇరవై ఫోన్ల కరెంటు దానికే పోతుంది. 12 వోల్టుల నుంచి నేరుగా వచ్చే యూఎస్‌బీ చార్జర్ బోర్డులు దొరుకుతాయి, అవి బిగించుకో. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి, రెండు కొసలకీ రబ్బరు టోపీలు తొడుగు. లిథియం మీద స్పానర్ అడ్డంగా పడితే స్పానర్ ఎర్రగా కాలిపోతుంది, నేను చూశాను. ఆ రోడ్ల కుదుపుకి వైరు కొసన బిగించే లగ్గులు వదులవుతాయి, ప్రతి సంతకి ముందు చేత్తో కదిపి చూసుకో.

చవక బ్యాటరీ మాట. మూడేళ్ల కిందట నేనూ ఒక సప్లయర్ దగ్గర 100 ఏహెచ్ అని రాసి ఉన్నది కొన్నాను. ఎత్తితే ఆరు కిలోలే. ఆ రకంలో 100 ఏహెచ్ బ్యాటరీ మామూలుగా పది, పన్నెండు కిలోలు ఉంటుంది. అప్పుడే నిలదీసి ఉండాల్సింది. నిండా చార్జి చేసి కారు హెడ్‌లైట్ బల్బు, 55 వాట్లది, తగిలించాను. అది నాలుగున్నర ఆంపియర్లు తీస్తుంది, ఇరవై రెండు గంటలు వెలగాలి. రాత్రి ఎనిమిదికి పెడితే తెల్లారి ఆరున్నరకి ఆరిపోయింది. లోపల ఉన్నది సగమే. డబ్బు తిరిగి రాలేదు. అప్పటినుంచి కస్టమర్‌కి ఇచ్చే ప్రతి బ్యాటరీకి ఆ బల్బు పరీక్ష చేస్తున్నాను.

నీ 60 ఏహెచ్‌కి పదమూడు గంటలు రావాలి. కొనేముందు బరువు ఎంతో అడుగు, ఏడు కిలోల దగ్గర ఉండాలి. తిరిగి తీసుకుంటామని ఒప్పుకుంటేనే కొను. వచ్చాక డబ్బా పారెయ్యకుండా బ్యాటరీని నా దగ్గరికి తీసుకురా. సాయంత్రం బల్బు తగిలించి పెడదాం, తెల్లారి అది ఎన్నింటికి ఆరిందో నీకు ఫోన్ చేసి చెప్తాను.